సైకిలుకు దారి ఎవరిచ్చారు?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడుగుతూ, ‘మాస్టార్ల జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు రోడ్ల ఇంజనీరువి కదా, రోడ్ల గురించే రాయి’ అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా రోడ్ల డ్రాయింగులతోనే బతుకుతున్నవాణ్ని కనుక ఆ మాట నాకు నచ్చింది. అయితే రాసేది హైవేల గురించి కాదు, సైకిలు దారి గురించి. మనలో ఎక్కువమందిమి ఈ బడికి సైకిలు మీదే వచ్చాం. మన పిల్లల్లో, మనవల్లో అలా వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. కాలం మారింది కాబట్టి ఇలా అయిందని అనుకుంటాం. కానీ మనకన్నా ముందే ఈ దశకు చేరి, వెనక్కి తిరిగిన దేశాలున్నాయి. వాళ్లు ఎలా తిరిగారో, మనం ఎక్కడ ఆగిపోయామో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా మన సంగతి. నేను 1985 బ్యాచ్. విజయవాడ మునిసిపాలిటీ 1981లో కార్పొరేషన్ అయింది. ఊరు పెద్దదే, కానీ సైకిలుకు అందనంత పెద్దది కాదు. సత్యనారాయణపురం నుంచి, కృష్ణలంక నుంచి, పటమట నుంచి, సింగ్‌నగర్ నుంచి పిల్లలు సైకిళ్ల మీద వచ్చేవారు. బడి వెనక రేకుల షెడ్డులో హెర్క్యులిస్, అట్లాస్, హీరో, ఎవరి తాతగారిదో పాత ర్యాలీ వరసగా ఉండేవి. ఒకటి పడితే వరసంతా పడేది. సొంత సైకిలు లేనివాళ్లకు గంటకింతని అద్దె కొట్లుండేవి. అడ్డతొక్కుడు నుంచి సీటెక్కడానికి ఒక వేసవి పట్టేది. రాత్రిపూట డైనమో లైటు లేకపోయినా, డబుల్స్ ఎక్కినా పోలీసులు ఆపి గాలి తీసేవారు. అంటే ఆ రోజుల్లో రోడ్డు మీద సైకిలుకు లెక్కా జమా ఉండేది. దాన్ని వాహనంగా చూశారు కాబట్టే దానికి నియమాలు పెట్టారు.

మొదటి దారులు ఎవరి కోసం?

సైకిలుకు విడిగా దారి వేయడం కొత్త ఆలోచన కాదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో మాలీబాన్ అనే చెట్ల బాట పక్కన 1885లోనే సైకిలు దారి వచ్చింది. అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఓషన్ పార్క్‌వే పక్కన 1894లో వేశారు. అది ఊరి పార్కు వైపు నుంచి సముద్రపు ఒడ్డు దాకా పోయే బాట. అప్పటికి సైకిలు ఖరీదైన వస్తువు. సాయంత్రం షికారుకు వెళ్లే కలిగినవాళ్ల కోసం వేసిన దారులివి.

నలభై ఏళ్లు గడిచేసరికి కథ తిరగబడింది. సైకిలు చవకై కార్మికుడి చేతికొచ్చింది. కలిగినవాళ్లు కారెక్కారు. 1934 డిసెంబరులో బ్రిటన్ రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా లండన్ శివారులోని వెస్టర్న్ ఎవెన్యూ పక్కన సైకిలు దారి ప్రారంభించాడు. రోడ్డుకు ఇరువైపులా, ఒక్కోవైపు ఎనిమిదిన్నర అడుగుల వెడల్పుతో, రెండున్నర మైళ్ల పొడవున వేశారు. విచిత్రం ఏమిటంటే దాన్ని గట్టిగా వ్యతిరేకించింది సైకిలు సంఘాలే. ‘ఇవాళ పక్కన దారి ఇచ్చారు, రేపు అసలు రోడ్డు మీదికి రావద్దంటారు’ అన్నది వాళ్ల భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. అదే 1934లో జర్మనీ, సైకిలు దారి ఉన్నచోట సైకిళ్లు దాని మీదే పోవాలని చట్టం చేసింది. కార్లకు అడ్డు తొలగించడం దాని ఉద్దేశం.

ఈ తేడాను చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. షికారు కోసం వేసిన దారి పార్కు దగ్గర మొదలై పార్కు దగ్గర ముగుస్తుంది. కార్ల అడ్డు తీయడానికి వేసిన దారి కార్లకు ఇబ్బంది లేనంతవరకే ఉండి, కూడలి రాగానే మాయమవుతుంది. సైకిలు తొక్కేవాడికి అసలు ప్రమాదం ఉండేది కూడలిలోనే. ఎవరి కోసం వేశామన్నది దారి గీతలోనే కనిపిస్తుంది. సైకిలు తొక్కే మనిషి ప్రాణం కోసం దారి వేయడం ఆ తర్వాత మరో నలభై ఏళ్లకు గానీ జరగలేదు.

డచ్చివారు ఎలా తిరిగారు?

నెదర్లాండ్స్ అనగానే పుట్టుకతోనే సైకిలు దేశం అనుకుంటాం. ‘అక్కడ నేల చదును, ఎండలుండవు, జనం క్రమశిక్షణ కలవాళ్లు, మనకెలా కుదురుతుంది?’ అని మా ఆఫీసుల్లో ఎన్నిసార్లు విన్నానో. నేల చదునన్నది నిజమే. కానీ ఆ చదును నేల మీదే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాతికేళ్లపాటు సైకిలు ఏటేటా తగ్గుతూ వచ్చింది. చేతిలో డబ్బు ఆడింది, కార్లు పెరిగాయి. కార్ల కోసం వీధులు వెడల్పు చేశారు, కూడళ్లు కార్ల పార్కింగులయ్యాయి, పాత సైకిలు దారులు కొన్ని చోట్ల లేకుండా పోయాయి. 1967లో డేవిడ్ యోకినెన్ అనే అమెరికన్ నిపుణుడు ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డుకు పెద్ద మోటారు రహదారులు తెచ్చే ప్రణాళిక కూడా తయారుచేశాడు. అమలు కాలేదు గానీ గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

దాని ఖరీదు 1971లో తేలింది. కోటీ ముప్పై లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో ఆ ఒక్క ఏడాదే రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా చిన్న పిల్లలు. బడికి పోతూనో, వీధిలో ఆడుకుంటూనో పోయినవాళ్లు.

అలా కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి ఒకాయన పత్రికా రచయిత. పేరు విక్ లాంగెన్‌హాఫ్. 1972లో ‘డె టైడ్’ అనే పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షిక ‘స్టాప్ డె కిండర్‌మోర్డ్’. పిల్లల హత్య ఆపండి అని అర్థం. ప్రమాదం అనలేదు, హత్య అన్నాడు. ఆ శీర్షికే ఒక ఉద్యమానికి పేరైంది. మార్చె వాన్ పుట్టెన్ అనే యువతి దానికి తొలి అధ్యక్షురాలైంది. ఆవిడే తర్వాత యూరప్ పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి సైకిలు ఊరేగింపులు తీశారు. ప్రమాదాలు జరిగే కూడళ్లలో బైఠాయించారు. వీధులు మూసి పిల్లల చేత ఆటలాడించారు. ప్రధానమంత్రి యోప్ డెన్ ఔల్ దగ్గరికి సైకిళ్ల మీద వెళ్లి మొరపెట్టుకున్నారు.

అంతలో 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. ఆ నవంబరు 4 నుంచి కొన్ని ఆదివారాలపాటు నెదర్లాండ్స్‌లో ప్రైవేటు కార్లు బయటికి తీయకూడదన్నారు. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్లు తొక్కారు, పిల్లలు స్కేటింగ్ చేశారు. కార్లు లేకపోతే ఊరు ఎలా ఉంటుందో అందరూ కళ్లారా చూశారు. పిల్లల మరణాలు కదిలించిన మనసులకు పెట్రోలు లెక్క కూడా తోడైంది. ఒక్క కారణంతోనే ప్రభుత్వాలు మారవు, రెండు మూడు కలవాలి.

తర్వాత జరిగినది ఇంజనీర్లకు మరీ ముఖ్యం. ప్రభుత్వం ముందు టిల్‌బర్గ్, హేగ్ నగరాల్లో ఒక్కొక్క మంచి సైకిలు దారి నమూనాగా వేయించింది. ఆ దారుల మీద సైకిళ్లు పెరిగాయి గానీ ఊరు మొత్తంలో పెద్దగా పెరగలేదు. పక్క వీధుల్లో పోయేవాళ్లు ఈ వీధికి మారారు, అంతే. 1980లలో డెల్ఫ్ట్ నగరంలో పద్ధతి మార్చారు. ఒక గొప్ప దారి కాకుండా, ఊరంతా అల్లుకునే వల వేశారు. తెగిన చోట్ల చిన్న వంతెనలు, కింది బాటలు కట్టి కలిపారు. అప్పుడు ఊరి మొత్తం మీద సైకిలు ప్రయాణాలు పెరిగాయి. వల అల్లితేనే చేప పడుతుంది, ఒక్క పోగుతో పడదు.

ఇప్పుడు ఆ దేశంలో 35,000 కిలోమీటర్లకు పైగా సైకిలు దారులున్నాయి. 1971లో నాలుగు వందలు దాటిన పిల్లల మరణాలు 2010 నాటికి ఏడాదికి రెండు పదుల లోపుకు వచ్చాయి. అదంతా సైకిలు దారుల పుణ్యమే అని చెప్పను. నివాస వీధుల్లో వేగం తగ్గించారు, కార్లు భద్రమైనవయ్యాయి, వైద్యం మెరుగైంది. కానీ పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి సాధించిన తగ్గుదల కాదది. పిల్లలు సైకిళ్ల మీద బడికి పోతూండగానే సాధించారు.

ఇక్కడ మన బడి విషయం ఒకటి చెప్పాలి. మేము పై తరగతిలో ఉండగా, మాకన్నా రెండేళ్లు చిన్నవాడొకడు సాయంత్రం ఇంటికి పోతూ హైవే మలుపులో లారీ కింద పడి చనిపోయాడు. ఆనాటి వాళ్లకు పేరు రాయకపోయినా తెలుస్తుంది. మర్నాడు ప్రార్థనలో రెండు నిమిషాలు నిలబడ్డాం, బడికి సెలవిచ్చారు. ఆ తర్వాత చాలా ఇళ్లలో పిల్లల్ని సైకిలు మీద పంపడం మానేశారు. కొందరు రిక్షా మాట్లాడారు, కొందరు నాన్న స్కూటరెక్కారు. షెడ్డులో సగం ఖాళీ అయింది. పిల్లల్ని కాపాడుకోవాలన్న ఆరాటం అక్కడా ఇక్కడా ఒక్కటే, ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికి లేదు. తేడా ఒక్కటే. అక్కడ రోడ్డును ప్రశ్నించారు, ఇక్కడ సైకిలును ఆపారు. ఆ మలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

రక్షణ అంటే రంగు కాదు

మన నగరాల్లో సైకిలు దారి అంటే రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు పూసి సైకిలు బొమ్మ వేయడం. పది రోజుల్లో దాని మీద కార్లు ఆగుతాయి, పానీపూరి బండి వెలుస్తుంది. రంగు గీత ఎవర్నీ ఆపలేదు. రక్షణ ఉన్న దారి అంటే సైకిలుకూ మోటారు వాహనానికీ మధ్య చక్రం దాటలేని అడ్డు ఒకటి ఉండాలి. అది రాతి గట్టు కావచ్చు, మొక్కల తొట్టెలు కావచ్చు, పార్కింగు వరస కావచ్చు, దారినే అర అడుగు ఎత్తు చేయడం కావచ్చు.

ఎందుకంత పట్టుదల అంటే, మన ఫిజిక్స్ మాస్టారు చెప్పిన గతిజ శక్తి సూత్రమే జవాబు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలే బండికీ, 60తో తగిలే అదే బండికీ తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే ఇళ్ల మధ్య వీధుల్లో వేగం 30కి తగ్గించగలిగితే సైకిళ్లూ బండ్లూ కలిసి పోవచ్చు, విడి దారి అక్కర్లేదు. బందరు రోడ్డు లాంటి చోట వేగం తగ్గించలేం కాబట్టి విడదీయాలి. వేగం తగ్గించాలి, లేదంటే విడదీయాలి. రెండూ చేయకుండా పిల్లవాడికి జాగ్రత్తలు చెబితే చాలదు.

రెండో సంగతి కూడళ్లు. మనం రోడ్డుకు ఎడమవైపు పోతాం. సైకిలు అంచున నేరుగా పోతుంటే, పక్కనే వచ్చే లారీ ఎడమకు తిరుగుతుంది. డ్రైవరుకు తన ఎడమ పక్కన ఉన్న సైకిలు కనిపించదు. మన ఊళ్లలో దీనికి ‘ఫ్రీ లెఫ్ట్’ ఒకటి తోడు. సిగ్నల్ పడినా ఆగనక్కర్లేదు కనుక బండ్లు వేగం తగ్గించకుండానే తిరుగుతాయి. డచ్చి ఇంజనీర్లు దీనికి చేసిన పని చాలా సాదాది. మలుపు మూలలో చిన్న దిమ్మె కట్టి సైకిలు దాటే చోటును కొంచెం లోపలికి జరిపారు. మలుపు బిగుతైంది కాబట్టి బండి వేగం తగ్గుతుంది. తిరిగేసరికి సైకిలు డ్రైవరు కళ్లెదురుగా ఉంటుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కాస్త సిమెంటు, సరైన గీత ఉంటే చాలు.

ఎండ ఊరు సెవిల్

‘మన ఎండల్లో ఎవరు తొక్కుతారు?’ అనే ప్రశ్నకు జవాబు స్పెయిన్‌లోని సెవిల్ నగరం. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. 2000లలో ఆ ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లు లేనట్టే లెక్క. 2006లో నగర పాలకులు దారుల వల వేయడం మొదలుపెట్టారు. దాని రూపకల్పనలో మాన్యుయెల్ కాల్వో అనే నిపుణుడిది పెద్ద పాత్ర. వాళ్లు ఏడాదికో వీధి చొప్పున నానబెట్టలేదు. మొదటి 80 కిలోమీటర్లు కొద్ది నెలల తేడాలోనే వేసేశారు. 2010కల్లా 120 కిలోమీటర్లయింది. దారులన్నీ గట్టు కట్టి విడదీసినవే. ఎక్కువచోట్ల పార్కింగు స్థలం తీసుకుని వేశారు. రోజుకు ఐదారు వేలుండే సైకిలు ప్రయాణాలు కొన్నేళ్లలోనే అరవై డెబ్బై వేలకు చేరాయి.

డచ్చివారికి ముప్పై ఏళ్లు పట్టింది సెవిల్‌కు నాలుగైదేళ్లలో సాధ్యమైందంటే కారణం, టిల్‌బర్గ్, డెల్ఫ్ట్‌ల పాఠం అప్పటికే సిద్ధంగా ఉంది. వల అంతా ఒకేసారి వేయాలి, గట్టు కట్టి వేయాలి. చరిత్ర చదివితే లాభం అదే. ఇంకొకరు పడ్డ గుంటలో మళ్లీ మనం పడనక్కర్లేదు.

మన దగ్గర కాగితం ఉంది

మన దేశంలో ఈ ఆలోచన లేక కాదు. సైకిలు దారుల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ఒక ప్రమాణ గ్రంథం వెలువరించింది. నంబరు 11. డచ్చి ఉద్యమానికి పదేళ్లు ముందన్నమాట. గంటకు రెండు వందలకు మించి మోటారు బండ్లు పోయే రోడ్డు మీద, రద్దీ వేళ గంటకు వంద సైకిళ్లున్నా విడి దారి సమంజసమేనని అందులో ఉంది. ఆ కొలత ప్రకారం 1985లో ఏలూరు రోడ్డుకూ, బందరు రోడ్డుకూ ఇరువైపులా సైకిలు దారులుండవలసింది.

ఎందుకు లేవంటే, లెక్కించే పద్ధతిలోనే ఒక చిక్కుంది. రోడ్డు వెడల్పు నిర్ణయించేటప్పుడు మేము వాహనాలన్నిటినీ కారు కొలతలోకి మారుస్తాం. కారు ఒకటి, సైకిలు అర. అంటే సైకిలును మనిషిగా కాక, కారు దారిలో అది ఆక్రమించే చోటుగా కొలుస్తున్నాం. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానం ఈ పద్ధతి మారాలనే చెప్పింది. కదలాల్సింది వాహనాలు కాదు, మనుషులు అన్నది దాని సారం. విధానం ఢిల్లీలో ఉంది, కొలత మాత్రం రోడ్డు మీద పాతదే నడుస్తోంది.

ఇంకో చిక్కు, ఇప్పుడు లెక్కపెడితే సైకిళ్లు కనిపించవు. ‘గంటకు ముప్పై కూడా లేవు, దారి దేనికి?’ అంటారు. దీపాలు లేని వీధిలో రాత్రిపూట ఆడవాళ్లు నడవడం లేదని లెక్క తేల్చి, కాబట్టి ఈ వీధికి దీపాలు అనవసరం అన్నట్టుంటుంది. లేని సైకిళ్లలో భయపడి మానేసినవెన్నో ఆ లెక్కకు అందదు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. చండీగఢ్ రోడ్లను లె కార్బూజియే ఏడు తరగతులుగా విభజించాడు. సైకిళ్ల కోసం ఎనిమిదో తరగతి తర్వాత వచ్చి చేరింది. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు కారిడార్ పక్కన సైకిలు దారి వేశారు. కార్లవాళ్ల ఆగ్రహం మధ్య నడిచిన ఆ కారిడార్‌ను 2016లో తొలగించారు. సైకిలు దారిలోకి మోటారు సైకిళ్లు దూరడం అక్కడ పెద్ద సమస్య. మన దేశానికి అది ప్రత్యేకమైన చిక్కు. సైకిలు పట్టే సందులో బైకూ పడుతుంది కాబట్టి గట్టు ఒక్కటే చాలదు, మొదట్లో కొన్ని నెలలు పోలీసు కాపలా కూడా ఉండాలి.

హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు. ఎండకూ వానకూ జవాబిచ్చిన ఆ పనితనాన్ని మెచ్చుకోవాలి. అయితే అది ముఖ్యంగా వ్యాయామానికి వెళ్లేవాళ్ల దారి. ఉట్రెక్ట్ మాలీబాన్ కోవలోది. దిల్‌సుఖ్‌నగర్ పిల్లవాడు బడికి పోవడానికి అది పనికిరాదు. షికారు దారి వేయగలిగినవాళ్లం బడి దారి వేయలేమా అన్నదే నా ప్రశ్న.

సైకిలు ఇచ్చి దారి ఇవ్వకపోతే

ఇది ఉన్నవాళ్ల సరదా గురించి కాదు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశోధించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందనీ, మగపిల్లలకూ వారికీ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఆ సైకిలు మీద ఆ పిల్ల ఏ రోడ్డున పోవాలి? సైకిలు ఇచ్చాం, దారి ఇవ్వలేదు. తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసేవాళ్లు, ఆటోనగర్‌కు పనికి పోయేవాళ్లు, తాపీ సామాను కట్టుకుని అడ్డాకు పోయేవాళ్లు ఇప్పటికీ సైకిళ్ల మీదే ఉన్నారు. మనం మానేశామంటే సైకిలు పోయినట్టు కాదు. మన కళ్లకు ఆనడం మానేసిందంతే.

మన ఊరు 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ వచ్చింది, బెంజ్ సర్కిల్ మీద ఫ్లైఓవర్లు వచ్చాయి. అవి అవసరమే, కాదనను. అమరావతి ప్రధాన రోడ్ల నమూనాల్లో సైకిలు ట్రాకులు గీసి ఉన్నాయి. సంతోషమే. కొత్త ఊళ్లో ఖాళీ నేల మీద గీయడం తేలిక. పాత ఊళ్లో చోటు ఎక్కడన్నదే కష్టం.

ఇంజనీరుగా నాకు తోచిన మాట చెబుతాను. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్యగా పోతున్నాయి. కాలువ పక్క దారికి ఒకవైపు నీళ్లే కనుక అడ్డ వీధులు తక్కువ. అడ్డ వీధులు తక్కువైతే మలుపుల ప్రమాదమూ తక్కువే. చెట్లు వేస్తే నీడ, పక్కన నీటి చల్లదనం. గట్ల మీద ఇళ్లున్నచోట వాళ్లను లేపమని నా ఉద్దేశం కాదు. అక్కడ దారి పక్క వీధిలోకి తిరిగి, వేగం తగ్గించిన ఆ వీధిలో నడిచి, మళ్లీ గట్టెక్కవచ్చు. కాలువ దారులు వెన్నెముకైతే, వాటి నుంచి బడులకూ బజార్లకూ పోయే పొట్టి దారులు పక్కటెముకలు. పెద్ద రోడ్ల మీద మాత్రం పార్కింగు వరస నుంచి రెండు, రెండున్నర మీటర్లు తీసుకోవలసిందే. ఆగి ఉన్న కారుకు ఉన్న హక్కు కదిలే పిల్లవాడికి లేదనడం న్యాయం కాదు.

మిత్రులారా, స్వర్ణోత్సవానికి గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టాలని కొందరు ప్రతిపాదించారు. నాకు అభ్యంతరం లేదు. దానితోపాటు ఇంకో పని కూడా పెట్టుకుందామని నా మనవి. మన సంఘంలో కార్పొరేషన్ నుంచి రిటైరైనవాళ్లున్నారు, లాయర్లున్నారు, విలేఖరులున్నారు, డాక్టర్లున్నారు. బడి చుట్టూ రెండు కిలోమీటర్ల లోపల పిల్లలు ఏయే వీధుల్లో వస్తున్నారో, ఏ మలుపు దగ్గర తల్లులు వాళ్ల చెయ్యి పట్టుకుంటున్నారో నాలుగు ఉదయాలు నిలబడి రాసుకుందాం. సైకిలు ఉండీ బడికి తీసుకురాని పిల్లలెంతమందో తరగతుల్లో అడుగుదాం, ఎందుకు తేవడం లేదో కూడా అడుగుదాం. ఆ కాగితాలతో కార్పొరేషన్‌కు వెళ్లి, ఒక్క వీధి కాదు, మన బడినీ చుట్టుపక్కల బడుల్నీ కాలువ గట్టుతో కలిపే చిన్న వల ఒకటి అడుగుదాం. మొదటి మలుపుగా ఏది సరిచేయమనాలో మన బ్యాచ్‌లవాళ్లకు చెప్పనక్కర్లేదు.

డ్రాయింగులు వేయడం, కొలతలు తీయడం, అంచనా ఖర్చు కట్టడం నా వంతు. ఉదయం ఏడున్నరకు బడి గేటు దగ్గర నాతో నిలబడేవాళ్లు కావాలి. పేర్లు సంఘం కార్యదర్శికి ఇవ్వండి.